కీర్తనలతో ప్రార్థన: చదవడం మాని పలకడం మొదలుపెట్టండి

గృహప్రతిష్ఠ కూడికలో 127వ కీర్తన, పెళ్ళిలో 128, ప్రయాణానికి ముందు 121, సమాధి దగ్గర 90. జనవరి 1 అర్ధరాత్రి ఆరాధన ముగిశాక చేతిలో పడే వాగ్దానపు కార్డు మీద కూడా చాలాసార్లు ఉండేది కీర్తనల్లోని వచనమే. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో కీర్తనల గ్రంథానికి కొదవ లేదు. కొదవంతా దాన్ని తలుపు వేసుకుని, ఒంటరిగా, మన కోసం మనం పలకడంలోనే ఉంది. గోడ మీద 91వ కీర్తన పటం కట్టి ఉంటుంది. దాని కింద కూర్చుని ప్రార్థించేటప్పుడు మాత్రం ఎప్పుడూ చెప్పే పది వాక్యాలే తిరిగి తిరిగి వస్తాయి.

ఈ గ్రంథానికి ఒక ప్రత్యేకత ఉంది. బైబిల్లో ఎక్కువ భాగం దేవుడు మనిషితో పలికిన మాటలు, మనుషుల మధ్య జరిగిన సంగతులు. కీర్తనల్లో ఎక్కువగా మనిషి దేవునితో మాట్లాడతాడు. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్‌గా ఉన్న అతనాసియస్, మార్సెల్లినస్ అనే వ్యక్తికి రాసిన ఉత్తరంలో ఈ సంగతే చెప్పాడు: మిగతా గ్రంథాల్లోని మాటలను ఇతరుల మాటలుగా వింటాం, కీర్తనలను మాత్రం సొంత మాటల్లా పలుకుతాం, అవి మన మనసుకు అద్దంలా ఉంటాయి అని. ఈ వ్యాసంలోని పద్ధతి అంతా దీని మీదే ఆధారపడి ఉంది. కీర్తనను సమాచారం కోసం చదవకండి. అరువు తెచ్చుకున్న గొంతుతో దేవునితో మాట్లాడుతున్నట్లు పలకండి.

ముందుగా చేతిలో ఉండవలసినవి

ఒక బైబిలు, ఒక నోటుపుస్తకం, పావుగంట సమయం. ఫోనులో చదివేవారు ఇంటర్నెట్ ఆపి కూర్చోవడం మంచిది. లేకపోతే మూడో వచనం దగ్గరే ఎవరో పంపిన శుభోదయం బొమ్మ తెరమీదికి వస్తుంది.

అనువాదం సంగతి. మన సంఘాల్లో ఎక్కువమంది వాడే పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది. అర్థం కావడం కష్టమని యువతీయువకులు అంటారు, నిజమే. అయినా పలకడానికి దాన్ని మించింది నాకు కనబడలేదు. ఆ వాక్యాలకు ఒక నడక ఉంది, గొంతులో నిలుస్తాయి. నా సలహా ఏమిటంటే, అర్థం కోసం వాడుకభాషలో ఉన్న అనువాదం ఒకసారి చూసుకుని, ప్రార్థనకు పాతదాన్నే పట్టుకోండి. అడ్డుపడే మాటలు అంత ఎక్కువేమీ కాదు. కేడెము అంటే డాలు. మొఱ్ఱ అంటే ఆపదలో పెట్టే కేక. విముఖుడు అంటే ముఖం తిప్పుకున్నవాడు. 16వ కీర్తనలో ‘అంతరింద్రియము’ అన్నచోట హీబ్రూ మూలంలో ఉన్న మాటకు అర్థం మూత్రపిండాలు. మనం గుండెకు, కడుపుకు అంటగట్టే భావాలను వాళ్ళు అక్కడ పెట్టుకున్నారు. కడుపు తరుక్కుపోయింది అనేవాళ్ళకు ఇది వింతగా తోచకూడదు.

సంఖ్యల్లో చిన్న చిక్కు ఉంది. గ్రీకు, లాటిన్ సంప్రదాయంలో కీర్తనల వరుస చాలామేరకు ఒక అంకె వెనకబడి ఉంటుంది. పాత కతోలిక ప్రార్థన పుస్తకాల్లో 50వ కీర్తన అని కనబడితే అది మనం 51 అని పిలిచే పశ్చాత్తాప కీర్తనే.

ఏ కీర్తన ఎంచుకోవాలి?

కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన చోట చదవడం చాలామందికి అలవాటు. దయచేసి మానండి. అది ప్రార్థన కన్నా చీటీ తీయడానికి దగ్గర. ఏదో ఒక క్రమం కావాలి.

అన్నిటికంటే సులువైన క్రమం తేదీని బట్టి నడిచేది. ఈరోజు 7వ తేదీ అనుకోండి: 7, దానికి 30 కలిపితే 37, మళ్ళీ 30 కలిపితే 67, ఆపైన 97, 127. ఇలా రోజుకు ఐదు కీర్తనల చొప్పున నెలకు 150 పూర్తవుతాయి. చిక్కు ఒక్క 29వ తేదీతోనే, ఎందుకంటే ఆ రోజు 119 వస్తుంది. అందులో 176 వచనాలు. దాన్ని 31వ తేదీకి వాయిదా వేయండి, 31 లేని నెలలో వదిలేయండి. ఐదూ ప్రార్థించాలని లేదు. ఐదింటినీ కళ్ళతో చూసుకుంటూ వెళ్ళి, ఎక్కడ మనసు ఆగితే ఆ ఒక్కదాన్ని ప్రార్థనకు తీసుకోండి. అసలు ఉద్దేశం ఏమిటంటే, మనకు నచ్చిన నాలుగు కీర్తనల చుట్టూనే తిరగకుండా, ఎన్నడూ తొంగిచూడని 74, 83 లాంటివి కూడా నెలకోసారి ఎదురుపడడం.

రెండో పద్ధతి అవసరాన్ని బట్టి ఎంచుకోవడం. తప్పు చేసి తల ఎత్తలేకపోతున్నవారికి సంఘం పూర్వం నుంచి ఏడు కీర్తనలను విడిగా గుర్తుపెట్టింది: 6, 32, 38, 51, 102, 130, 143. నిద్ర పట్టనివారికి 4. ఇంటి తగాదాలతో అలసినవారికి 55. ఇల్లు వదిలి దూరదేశంలో ఉన్నవారికి 120 నుంచి 134 వరకు ఉన్న యాత్రకీర్తనలు. యెరూషలేముకు నడిచివెళ్ళే యాత్రికుల కీర్తనలని వాటికి పేరు. గల్ఫ్‌లో ఒకే గదిలో ఆరేడుగురితో కలిసి ఉండేవారు గొంతెత్తి ప్రార్థించలేరు. అలాంటివారికి ఇవి మరీ అనువు. 132ని పక్కన పెడితే పొడవైనవి లేవు, దాదాపు అన్నీ ఒక్క గుక్కలో గుర్తుంటాయి.

మూడో పద్ధతి నాకు ఇష్టమైనది, ఫలితం ఎక్కువ ఇచ్చేది: ఒక్క కీర్తనను వారం రోజులు పట్టుకోవడం. దాన్ని చివర్లో వివరంగా చూద్దాం.

పైకి, సగం సగంగా చదవడం

మొదటిసారి తప్పకుండా పైకి చదవండి. గుసగుస అయినా సరే, పెదవులు కదలాలి. మొదటి కీర్తనలో ‘దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు’ అని ఉంది కదా, అక్కడ ధ్యానించడం అనే మాటకు హీబ్రూలో ఉన్న ధాతువు ‘హాగా’. యెషయా గ్రంథం 31వ అధ్యాయంలో వేట మీద నిలబడిన సింహం గుర్రుమనడానికీ, 38లో గువ్వ మూలగడానికీ అదే మాట వాడారు. అంటే ధ్యానం అనేసరికి మనకు తోచే కళ్ళు మూసుకున్న మౌనం కాదు అది. గొంతులో సన్నగా ఆడుతూ ఉండే శబ్దం. మన నానమ్మలు బియ్యం ఏరుతూ పాట గొణుక్కునేవారు చూడండి, అలాంటిది.

చదివేటప్పుడు గమనించవలసిన నిర్మాణం ఒకటుంది. హీబ్రూ కవిత్వంలో వచనం సాధారణంగా రెండు ముక్కలుగా నడుస్తుంది. మొదటి ముక్క చెప్పినదాన్ని రెండోది మరో మాటతో అందుకుంటుంది, లేదా కాస్త ముందుకు జరుపుతుంది. 103వ కీర్తన మొదటి వచనం చూడండి: ‘నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము’ అని ఒక ముక్క, ‘నా అంతరంగముననున్న సమస్తమా, ఆయన పరిశుద్ధ నామమును సన్నుతించుము’ అని రెండోది. ఒక్కో ముక్కకు ఒక్కో ఊపిరి ఇవ్వండి. మధ్యలో ఆగండి. ఐరోపా మఠాల్లో సన్యాసులు కీర్తనలు పలికేటప్పుడు సరిగ్గా అక్కడే ఆగడం పాత ఆచారం. మనం అలా ఆగితే జరిగేదేమిటంటే, వార్తలు చదివే వేగం దానంతట అదే విరిగిపోతుంది.

‘సెలా’ అనే మాట కనబడిన చోట కూడా ఆగండి. హీబ్రూ కీర్తనల్లో అది 71 సార్లు వస్తుంది. వాద్యం మోగించమనా, గొంతు పెంచమనా, విరామం ఇవ్వమనా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. మనం ఆగడానికి గుర్తుగా వాడుకుంటే నష్టమేమీ లేదు.

పైనున్న శీర్షికను దాటేయవద్దు. ‘ప్రధాన గాయకునికి’ అన్నది ఇది ఒకప్పుడు సమూహం పాడిన పాట అని గుర్తుచేస్తుంది. మొత్తం గ్రంథాన్ని ‘దావీదు కీర్తనలు’ అనడం మనకు అలవాటు. కానీ హీబ్రూ ప్రతిలో దావీదు పేరు ఉన్నవి 73. ఆసాపు పేరుతో 12, కోరహు కుమారుల పేరుతో మరికొన్ని, మోషే పేరుతో 90వది ఉన్నాయి. 102వ కీర్తనకైతే పేరే లేదు, బాధలో సొమ్మసిల్లిన మనిషి పెట్టిన మొఱ్ఱ అని మాత్రమే ఉంది. ఆ ఖాళీలో ఎవరి పేరైనా పడుతుంది.

ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు?

రెండోసారి చదివేటప్పుడు చేతిలో పెన్సిలు పట్టుకోండి. ‘ఆయన’ అన్నచోట ఒక గీత, ‘నీవు’ అన్నచోట సున్న. ఇంత చిన్న పనితో 23వ కీర్తన లాంటి కంఠస్థమైన కీర్తన కూడా కొత్తగా కనబడుతుంది. మొదటి మూడు వచనాల్లో కాపరి ‘ఆయన’: పరుండజేయుచున్నాడు, నడిపించుచున్నాడు, సేదదీర్చుచున్నాడు. పచ్చిక ఉన్నంతసేపు దేవుణ్ణి గురించి మాట్లాడాడు. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ రాగానే మాట మారింది: ‘నీవు నాకు తోడైయుందువు’. చీకట్లో పడ్డాక దేవుని గురించి మాట్లాడడం ఆగిపోయి, దేవునితో మాట్లాడడం మొదలైంది. ఈ కీర్తనను చిన్నప్పటి నుంచి వందలసార్లు అప్పజెప్పాను. పెన్సిలు పట్టుకునేదాకా ఈ మలుపు నాకు కనబడలేదు.

42వ కీర్తనలో మూడో రకం సంభాషణ ఉంది. ‘నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?’ అని మనిషి తనను తానే నిలదీస్తాడు. ప్రార్థనలో ఇది కూడా చెల్లుతుంది.

ఒక్క మాట దగ్గర ఆగడం

మూడోసారి చదువుతున్నప్పుడు ఏదో ఒక మాట కొంగు పట్టుకుని లాగుతుంది. కారణం తెలియకపోవచ్చు. అక్కడ ఆగిపోండి, మిగతా కీర్తన రేపటికి ఉంటుంది. 12వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి రెండవ గిగో ఈ పనిని నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, నమలడం, అడగడం, ఊరకే ఉండడం. చదవడమంటే ముద్దను నోట్లో పెట్టుకోవడం, ధ్యానమంటే నమలడం అని అతని పోలిక. 34వ కీర్తన ‘రుచి చూచి తెలిసికొనుడి’ అన్నదాన్ని అక్షరాలా పాటించడమే.

నమలడం ఎలాగో చూద్దాం. 56వ కీర్తనలో కీర్తనకారుడు తన కన్నీళ్ళను దేవుడు తోలుబుడ్డిలో నింపి దాచాడంటాడు. ఆ బుడ్డిని ఊహించండి. ఎడారి దారిలో నీటి చుక్క ఎంత విలువైనదో, ఎవరూ దాన్ని నేల మీద ఒలకబోసుకోరు. ఇప్పుడు మీ కన్నీళ్ళలో ఏది ఎవరికీ తెలియకుండా ఇంకిపోయిందనుకున్నారో దాన్ని గుర్తుచేసుకోండి. ఫలానా రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఫలానా ఫలితాలు వచ్చిన సాయంత్రం. వాటిని ఒక్కొక్కటిగా ఆ బుడ్డిలోకి పోస్తున్నట్లు దేవునితో చెప్పండి. వచనం ధ్యానంగా, ధ్యానం ప్రార్థనగా ఎక్కడ మారిందో మీకే తెలియదు.

తర్వాత నాలుగైదు నిమిషాలు ఏమీ అడగకండి. మన ప్రార్థన కూడికల్లో మౌనమంటే భయం, రెండు క్షణాలు నిశ్శబ్దం కాగానే ఎవరో ఒకరు ‘స్తోత్రం’ అంటారు. ఇంట్లోనైనా ఆ భయం వదలండి. మనసు చెదిరితే, గ్యాసు బుకింగు గుర్తొస్తే, తిట్టుకోకుండా మళ్ళీ ఆ ఒక్క మాటకు రండి. పదిసార్లు చెదిరితే పదిసార్లు తిరిగి రావడమే ఆ రోజు ప్రార్థన.

నోరు రాని కీర్తనలు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చాలామంది వదిలేసేది ఇక్కడే. ‘స్తుతి చెల్లిస్తే సమస్య పోతుంది’ అని విని పెరిగిన మనకు, ఫిర్యాదు చేసే కీర్తనలు నోట్లోకి రావు. కానీ గ్రంథంలో మొఱ్ఱలే అన్నిటికంటే ఎక్కువ. అవి సాధారణంగా ఏడ్పుతో మొదలై నమ్మకం వైపు తిరుగుతాయి. 88వ కీర్తన మాత్రం తిరగదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్నదగ్గరే ముగుస్తుంది. ఎవరూ దానికి ఆశాజనకమైన చివరి వచనం అతికించలేదు. మీరూ అతికించకండి. కొన్ని రాత్రులు ప్రార్థన అక్కడే ముగియాలి, ముగిసినా అది ప్రార్థనే. ఆ మనిషి కసురుకున్నది దేవుని ముఖం మీదే, మరెక్కడికీ పోలేదు.

శాపాలున్న కీర్తనలు ఇంకా కష్టం: 109, 137 చివరి వచనం, 58. బబులోను పిల్లలను రాళ్ళకేసి కొట్టేవాడు ధన్యుడు అన్న వాక్యం చదివి మనసు ముడుచుకోకపోతేనే తప్పు. ఆ పాట యెరూషలేము కూలిపోయి, చెరపట్టబడి వెళ్ళినవాళ్ళది. వాళ్ళ పిల్లలకు ఏం జరిగిందో ఆ వాక్యమే చెబుతోంది. దీన్ని ఎలా ప్రార్థించాలి? పక్కింటి ఆవిడనో, ఆఫీసులో పడని మనిషినో ‘శత్రువు’ స్థానంలో నిలబెట్టడం తప్పుడు వాడకం. అలా చేసేవారిని చూశాను, పేర్లు పెట్టి మరీ ప్రార్థిస్తారు. నేను చేసేది ఇది: ఆ రోజు పేపర్లో అన్యాయానికి బలైన మనిషిని తలచుకుని, వారి తరఫున ఆ మాటలు పలుకుతాను. లేదా నాలో ఉన్న కసిని దాచకుండా దేవుని ముందు పెట్టి, పగ తీర్చే పని నాది కాదు, నీదే అని అప్పజెప్పి లేస్తాను. పళ్ళు నూరుతూ కత్తి నూరకుండా ఉండడానికి ఈ కీర్తనలు పనికొస్తాయి.

ఇందుకు వ్యతిరేకమైన ప్రమాదం 91తో వస్తుంది. దాన్ని తాయెత్తులా వాడడం. దిండు కింద, బండి మీద, తలుపు పైన అదే. వేయిమంది పడినా అపాయం నీ దగ్గరికి రాదు అన్న వచనాన్ని హామీపత్రంలా పట్టుకున్నవారు జబ్బు చేసినప్పుడు విశ్వాసమే కోల్పోవడం చూస్తాం. మత్తయి సువార్త 4వ అధ్యాయంలో యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, ఈ కీర్తననే వల్లించి, దూకమన్నది ఎవరో గుర్తుచేసుకోండి. 91 చదివిన రోజు వెంటనే 88 కూడా చదవమని నా సలహా. ఒకే గ్రంథం ఆ రెండింటినీ మూడు కీర్తనల దూరంలో పెట్టింది.

ఒక్క కీర్తనతో ఒక వారం

13వ కీర్తన తీసుకుందాం. ఆరే వచనాలు, కానీ మొఱ్ఱ మొత్తం అందులో ఇమిడిపోయింది.

సోమవారం పైకి మూడుసార్లు చదవండి, ఏమీ రాయకండి. హీబ్రూలో ‘ఎంతకాలం’ అనే ఒకే ప్రశ్న నాలుగుసార్లు సుత్తిదెబ్బలా పడుతుంది. మన అనువాదంలో ‘ఎన్నాళ్లవరకు’, ‘ఎంత కాలము’, ‘ఎంతవరకు’ అని మాటలు మారతాయి. గొంతులో ఆ దెబ్బలు వినండి.

మంగళవారం మొదటి రెండు వచనాలే. మీ ‘ఎన్నాళ్లవరకు’ ఏమిటో నోటుపుస్తకంలో నాలుగు వరుసలుగా రాయండి, ఒక్కొక్కటి ప్రశ్నగానే ముగియాలి. ఉద్యోగం గురించి, అమ్మ ఆరోగ్యం గురించి, మాట్లాడడం మానేసిన తమ్ముడి గురించి. జవాబులు రాయవద్దు.

బుధవారం ఆ ప్రశ్నలు ఎవరివైపు ఎక్కుపెట్టి ఉన్నాయో చూడండి. మొదట దేవుడు, తర్వాత తన మనసు, తర్వాత శత్రువు. మీ నాలుగు వరుసలు కూడా ఈ మూడింట్లో ఎటు వెళ్ళాయో గుర్తుపెట్టండి. అన్నీ శత్రువు వైపే వెళ్ళాయా? అయితే దేవుని వైపు ఒకటి రాయడానికి ధైర్యం చేయండి.

గురువారం మూడు, నాలుగు వచనాలు. ఇంత ఏడ్పు తర్వాత అతను అడిగింది కొంచెమే: తనవైపు చూడమని, జవాబివ్వమని, చివరగా ‘నా కన్నులకు వెలుగిమ్ము’ అని. పెద్ద జాబితా లేదు. మీరు ఆ రోజు ఆ చివరిది ఒక్కటే అడగండి. రోజంతా, బస్సు ఎక్కుతున్నా గిన్నెలు కడుగుతున్నా, ఆ మూడు మాటలనే గొణుక్కోండి.

శుక్రవారం ఐదో వచనం మొదటి మాట దగ్గర ఆగండి: ‘నేనైతే’. పరిస్థితి ఏమీ మారలేదు, శత్రువు అక్కడే ఉన్నాడు. అయినా మనిషి తిరిగాడు. ఆ మాట మీకు ఇంకా రాకపోతే రాలేదనే చెప్పండి, గురువారం వచనాలకే వెనక్కి వెళ్ళండి. దొంగ ‘నేనైతే’ కన్నా నిజమైన ‘ఎన్నాళ్లవరకు’ మేలు.

శనివారం కీర్తన మొత్తాన్ని మీ ఇంటి మాటల్లో తిరగరాయండి. అందంగా ఉండనక్కరలేదు, ఎవరూ చూడరు. ఆదివారం ఏమీ రాయకండి. ఇదే అవస్థలో ఉన్న మరొకరి పేరు పెట్టుకుని, ‘నేను’ అన్నచోటల్లా వారి తరఫున పలకండి. సంతోషంగా ఉన్న వారంలో దుఃఖకీర్తన వస్తే చేయవలసింది కూడా ఇదే. మీకు నప్పని కీర్తన ఆ రోజు ఎవరికో ఒకరికి నప్పుతూనే ఉంటుంది.

రాత్రికి ఒకటి

కంఠస్థం చేయడానికి చిన్నవాటితో మొదలుపెట్టండి. 117లో రెండే వచనాలు, 131, 133, 134లలో మూడేసి. కరెంటు పోయినప్పుడు, ఆసుపత్రి బెంచీ మీద, రైల్లో పైబెర్తులో కంఠస్థమైనదే పనికొస్తుంది.

పిల్లలున్న ఇళ్ళలో 31వ కీర్తన ఐదో వచనాన్ని పడుకునే ముందు చెప్పించండి: నా ఆత్మను నీ చేతికి అప్పగిస్తున్నాను అనే వచనం. యూదులు నిద్రకు ముందు చేసే ప్రార్థనలో ఇది ఉంది, సంఘం రాత్రి ప్రార్థనలోనూ ఉంది. లూకా సువార్త 23వ అధ్యాయం ప్రకారం యేసు సిలువ మీద చివరగా పలికిన మాటలు ఇవే. కంఠస్థమైన వచనం కాబట్టే ఆ నొప్పిలోనూ నోటికి వచ్చింది. పెద్దవాళ్ళు దాని తర్వాత 4వ కీర్తన చివరి వచనం ‘నెమ్మదితో నేను పండుకొని నిద్రపోవుదును’ అని చెప్పి, దీపం ఆర్పి, ఫోనును మరో గదిలో పెట్టి పడుకోవచ్చు.